కంచు పరిగెకి నీళ్ళు చూపించడం

2022 ఎండాకాలం చివర్లో మా ల్యాబ్‌కి పని తగ్గిపోయింది. ఆటోనగర్‌లో ఒక పక్క లేత్ షాపు, ఇంకోపక్క లారీ బాడీలకి రంగులేసే షెడ్డు, మధ్యలో మాది. బోరు నీళ్ళు తాగొచ్చా లేదా, ఫ్యాక్టరీ బాయిలర్లో పోసే నీళ్ళలో ఉప్పెంత, అపార్ట్‌మెంటు ట్యాంకులో మురుగు కలిసిందా, మేం చూసేవి ఇవీ. పద్దెనిమిదేళ్ళుగా నేను నీళ్ళు తప్ప ఇంకోటి పరీక్ష చేసి ఎరగను. కరోనా రోజుల్లో మా ఓనరు ధైర్యం చేసి పీసీఆర్ మెషీన్ ఒకటి కొన్నాడు. కరోనా తగ్గాక అది గుడ్డ కప్పుకుని మూల కూర్చుంది. దానికి మేత వెతుకుతూ ఆయన ఎక్కడో విని పట్టుకొచ్చిన పని పేరు ఈ-డీఎన్ఏ.

అదేమంత పెద్ద విషయం కాదు. నీళ్ళలో బతికే ప్రతి ప్రాణీ ఆ నీళ్ళలో ఏదో ఒకటి రాలుస్తూనే ఉంటుంది. జిగురు, పొలుసు ముక్క, మలం. వాటిలో దాని డీఎన్ఏ ఉంటుంది. లీటరు నీళ్ళు తెచ్చి సన్నటి ఫిల్టరు కాగితంలోంచి పంపి, ఆ కాగితం మీద మిగిలినదాన్ని మెషీన్లో పెడతాం. మనం వెతికే జీవి డీఎన్ఏ అందులో ఉంటే కంప్యూటర్ తెర మీద ఒక గీత పైకి లేస్తుంది. లేకపోతే చివరిదాకా కిందే పడుకుంటుంది. చేపని కళ్ళతో చూడకుండానే చేప ఉందని చెప్పెయ్యొచ్చన్నమాట. ఫిషింగ్ హార్బర్లో వలలు కుట్టుకునేవాళ్ళకి ఈ మాట చెబితే పగలబడి నవ్వుతారు.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది బ్లాంక్. ల్యాబ్ నుంచి శుభ్రమైన నీళ్ళు ఒక సీసాలో పట్టుకెళ్ళి, శాంపిల్ తీసే ఏటి ఒడ్డున మూత తీసి, మళ్ళీ మూసి, మిగతా సీసాలతో పాటే తెస్తాం. అందులో ఏమీ ఉండకూడదు. అందులో కూడా గీత లేచిందంటే తప్పు మన చేతుల్లోనే ఉంది, ఆ రోజు పనంతా చెత్తబుట్టలోకి. ఒక్కోసారి ఒకటి చాలదని మూడు బ్లాంకులు పట్టుకెళ్తాను. ల్యాబ్‌లో నన్ను అనుమానం పక్షి అంటారు, అననీ.

జూన్ మొదట్లో సూర్యారావు మేష్టారు వచ్చారు. రిటైరైన జువాలజీ లెక్చరర్, ద్వారకా నగర్లో ఫ్లాట్. డెబ్భై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో గుడ్డ సంచి. అందులోంచి తువ్వాలులో చుట్టిన గాజు సీసా తీసి నా బల్ల మీద పెట్టారు. స్పిరిట్‌లో రెండు చేపలు, వేలెడంత, రంగు పోయి కొవ్వొత్తి ముక్కల్లా ఉన్నాయి.

“ఇవి కంచు పరిగెలమ్మా. బతికున్నప్పుడు పక్కన ఒక చార ఉండేది, తోమిన కంచు గిన్నె అంచులాగ. సబ్బవరం అవతల ఒక్క గెడ్డలో తప్ప ఇంకెక్కడా లేవు. ఇప్పుడు అక్కడా లేవంటున్నారు.”

గెడ్డంటే మా వైపు చిన్న ఏరు. “ఎప్పట్నుంచి లేవు?” అన్నాను.

“నలభై ఏళ్ళు. అంతరించినవాటి జాబితాలో ఎక్కించేశారు.” నా వైపు చూడకుండా, సీసా కేసి చూస్తూ అన్నారు. “ఆఖరి మడుగు ఖాళీ చేసింది నేనే.”

ఆయన పరిశోధన చేస్తున్న రోజులట. ఆ ఏటి ఎండకి గెడ్డంతా ఎండిపోయి, రాతిమెట్ల కింద ఒక్క మడుగు మిగిలింది. ఉన్న కంచు పరిగెలన్నీ అందులోకి చేరి కిక్కిరిసి ఉన్నాయి. రెక్కల ముళ్ళు లెక్కపెట్టాలి, దొరికినన్ని పట్టుకురమ్మని గైడుగారు పంపారు. ఈయన దోమతెర గుడ్డతో ఒక్కటి మిగలకుండా ఎత్తేశారు. రెండు స్పిరిట్‌లో, మిగతావన్నీ ఫార్మలిన్‌లో. వానలు పడితే పైనుంచి ఇంకా దిగుతాయి కదా అనుకున్నారు. పై ఏడు రాలేదు, ఆ పై ఏడూ రాలేదు.

“బతికున్నవే వేశానమ్మా. కాసేపు సీసా గోడకి టిక్కు టిక్కుమని కొట్టుకున్నాయి. ఇప్పటికీ ఎవరైనా గ్లాసులో స్పూను తిప్పితే నేను లేచి బాల్కనీలోకి వెళ్ళిపోతాను. తర్వాత చెక్‌డ్యాం కట్టారు, క్వారీ దుమ్ము పడింది, కారణాలు చాలా చెప్తారు. అవన్నీ తర్వాతవి. ముందు నేను.” తువ్వాలు మడతపెట్టుకుంటూ అన్నారు. “ఏ రాయి కిందైనా ఒక్క జత మిగిలిందని చెప్పు చాలు. తిన్న తిండి ఒంటికి పడుతుంది.”

జాలి వేసిన మాట నిజమే. దానికంటే ముందు భయం వేసింది. జవాబు ముందే కోరుకుని వచ్చే మనిషి కోసం శాంపిల్ తియ్యడం కత్తి మీద సాము. అయినా ఓనరు అప్పటికే ఒప్పేసుకున్నాడు. ఫార్మలిన్ డీఎన్ఏని పాడుచేస్తుంది గానీ స్పిరిట్ కాపాడుతుంది. అందుకని స్పిరిట్ చేపల్లో ఒకదాని రెక్క కొస కత్తిరించి, కంచు పరిగె డీఎన్ఏ గుర్తు ఎలా ఉంటుందో చూసిపెట్టుకున్నాను.

గెడ్డ వెంబడి ఏడు చోట్లు ఎంచుకున్నాం. నాలుగోది మేష్టారు చెప్పిన మడుగే. పైన ఇరవై ఇళ్ళ చిన్న ఊరు, అక్కణ్ణుంచి మూడు రాతిమెట్లు, వాటి కింద నల్లటి నీళ్ళు. గెడ్డ అంతటా నీరు గలగలమంటూ పోతుంది, అక్కడికి వచ్చేసరికి నోరు మూసుకుంటుంది. మొదటిసారి మిట్టమధ్యాహ్నం దిగాం. పక్కన నిలబడ్డ మా డ్రైవరు అప్పలరాజు ఊపిరి నాకు వినపడింది. ఏడు చోట్ల నీళ్ళు తెచ్చాం, ఏడు గీతలూ పడుకునే ఉన్నాయి. మేష్టారికి ఫోన్ చేసి చెబితే, “సరేలే, మళ్ళీ చూద్దాం” అన్నారు.

జూన్ ఆఖర్లో రెండోసారి బయల్దేరబోతుంటే అప్పలరాజు మొరాయించాడు.

“ఈయేల అమాస మేడం. అమాస పూట గెడ్డల్లోకి దిగడం ఏటి? రేపెల్దాం.”

“నువ్వు దిగొద్దు, నేను దిగుతాను. బండి తియ్యి” అన్నాను.

సాయంత్రం వచ్చి మెషీన్ ఆన్ చేసి టీ తాగుతున్నాను. నాలుగో నంబరు గీత లేచింది. మెల్లగా కూడా కాదు, ఎవరో తాడు కట్టి లాగినట్టు లేచింది. మిగతా ఆరూ కింద, మూడు బ్లాంకులూ కింద. నా చేతిలో టీ చల్లారిపోయింది. సంతోషించాలని కూడా తోచలేదు.

నా చేతుల్నే నేను నమ్మలేదు. ఆ స్పిరిట్ చేపని కోసింది ఈ బల్ల మీదే కదా, దాని మరక ఎక్కడైనా అంటిందేమో. కొత్త మందులు తెప్పించి, వేరే గదిలో మళ్ళీ చేశాను. మిగిలిన ఫిల్టరు ముక్క హైదరాబాదులో ఇంకో ల్యాబ్‌కి పంపాను. వాళ్ళకి కూడా గీత లేచింది.

అప్పుడింక చెప్పక తప్పలేదు. మేష్టారు మాడుగుల హల్వా డబ్బాతో వచ్చి, డబ్బా నా చేతిలో పెట్టారు. మర్నాటి నుంచి ఆ మనిషి తీరే మారిపోయింది. క్యాబ్ కట్టించుకుని గెడ్డకి వెళ్ళి, రాయి మీద కూర్చుని సాయంత్రమంతా నీళ్ళలోకి చూసేవారు. “ఉన్నాయమ్మా, నాకు తెలుస్తోంది” అని ఫోన్ చేసేవారు. వలలు వేయించారు. జిలేబీ చేపలు పడ్డాయి, మట్టగిడసలు పడ్డాయి. కంచు చార ఉన్నది ఒక్కటీ పడలేదు.

జూలై నడుమ మళ్ళీ శాంపిల్ తీశాను. నాలుగో గీత లేవలేదు. ఆ నెలాఖరున ఇంకోసారి తీశాను. సన్నగా లేచింది, ముసలివాళ్ళు మంచం మీంచి లేచినట్టు. ఆ మడుగుకి ఎగువన లేదు, దిగువన వంద గజాల్లో లేదు. చేపన్నాక ఈదుతుంది కదా. ఒక్కచోటే కనబడి, మాయమై, మళ్ళీ అక్కడే కనబడే చేప ఏమిటి? ఆ సీసాలు బండిలోకి ఎత్తుతూ అప్పలరాజు అన్నాడు, “మేడం, మొన్న నాను రానన్న రోజు అమాస. ఈయేల్టికి అమాసెల్లి రెండు రోజులు. మీకు ఏటీ అనిపించట్లేదా?”

ల్యాబ్ గోడ మీద క్యాలెండర్లో నల్ల చుక్కలు చూశాను. బలమైన గీత అమావాస్య నాటిది, సన్న గీత రెండు రోజుల తర్వాతది. నడిమధ్య తీసినవాటిలో ఏమీ లేదు. కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చుండిపోయాను.

ఇంకొక్క పరీక్ష మిగిలింది. బతికున్న చేప రాల్చిన డీఎన్ఏలో పొడుగాటి పోగులు ఉంటాయి. చచ్చి ఏళ్ళు గడిచినదానిలో అవి తెగిపోయి పొట్టి ముక్కలే మిగులుతాయి. మేం మామూలుగా వెతికేది పొట్టి ముక్కని. ఈసారి పొడుగుదాన్ని వెతికాను. గీత కదల్లేదు. మూడుసార్లు చేశాను, కదల్లేదు. ఆ నీళ్ళలో ఉన్నది కంచు పరిగే, అందులో సందేహం లేదు. బతికున్నది మాత్రం కాదు.

ఆ సంగతి మేష్టారికి చెప్పలేదు. ఓనరు దగ్గర నోరు జారితే, “పాజిటివ్ అని ఒకసారి ఇచ్చేశాం కదా, పెద్దాయన సంతోషంగా ఉన్నాడు, ఒదిలెయ్యి” అన్నాడు. వదిలెయ్యాలని నాకూ గట్టిగానే అనిపించింది. ఆయన బరువు పెరిగారు, అది కళ్ళారా చూశాను.

ఆగస్టు అమావాస్యకి ఒక్కదాన్నే వెళ్ళాను. పదింటి నుంచి రాతిమెట్ల పక్క పొదల నీడలో కూర్చున్నాను. పన్నెండు దాటాక, నీడలన్నీ కాళ్ళ కిందకి చేరే వేళకి, పైనుంచి ఒక ముసలామె దిగింది. చేతిలో పొగకి నల్లబడ్డ వెదురు గొట్టం. మడుగు అంచున గొంతుక్కూర్చుని గొట్టం మూత ఊడదీసి, అరచేతిలోకి ఏదో ఒంపుకుంది. రెండు చేతులూ మోచేతుల దాకా నీళ్ళలో ముంచి, అలాగే ఉండిపోయింది. తర్వాత మాట్లాడింది. నాతో కాదు.

“ఇదిగో, సూసుకో. ఇదే. ఎక్కడికీ పోనేదు.”

లేచి నిలబడితే ఆమె తలెత్తింది గానీ ఉలిక్కిపడలేదు.

“ఏటి మామ్మా అది?” అన్నాను. నాది చోడవరం వైపు, కంగారులో మా మాటే వచ్చేస్తుంది.

“సేప. నీళ్ళు సూపిత్తన్నాను.”

ఆమె పేరు పైడమ్మ. చేతిలోది వేలెడంత నల్లటి పుల్లలా ఉంది. తడికి ఒక పక్క సన్నటి చార మెరిసింది, పసుపు రంగులో. మేష్టారు చెప్పిన చార.

“తొలివానకి ఎదురెక్కి వచ్చిన మొదటి సేపని మేం తినం పాపా. పొయ్యి మీద పొగలో ఎండగట్టి ఇంట్లో దాసుకుంటాం. పై ఏడు కొత్తది పడితే పాతదాన్ని తెచ్చి గెడ్డలో ఒగ్గెయ్యాల. కొత్తది ఎవులింట్లో పడితే ఆలింట్లో ఉంటాది. అలగలగ ఇల్లు మారీది. ఎండల్లో మాత్రం ఈ మడుగు మీద ఎవులూ సెయ్యెయ్యకూడదు. ఇత్తనం మడుగంటాం దీన్ని. గెడ్డెండిపోయిన దానికి ముందేడు మాయత్త సేతికి పడింది ఇది.”

“తర్వాత?”

“తర్వాతేటి, కొత్తది రానేదు. కొత్తది రాకండా పాతదాన్ని ఒగ్గకూడదు. మాయత్త పోయింది, నా సేతికొచ్చింది. అమాసకమాసకి నీళ్ళు సూపిత్తే దారి మరిసిపోదని సెప్పి పోయింది. సూపిత్తన్నాను.”

“ఎన్నాళ్ళయింది?”

“నా పెద్దోడు సంకలో ఉన్నాడు అప్పుడు. ఇప్పుడాడి కూతురికి పెళ్ళీడు.” చేపని చీర కొంగుతో అద్ది గొట్టంలో పెట్టుకుంది. “ఎవులికైనా ఇచ్చీద్దునా అంటే కట్టడి ఒప్పుకోదు. ఆకర్న పట్టినోలింటిదే ఇది.”

వెళ్ళేటప్పుడు మెట్టు మెట్టుకీ ఆగి మోకాళ్ళు పట్టుకుంది. నేను శాంపిల్ తీశాను, అలవాటు కొద్దీ. అది తీస్తున్నంతసేపూ నలభై ఏళ్ళ కిందటి మేష్టారు దోమతెర గుడ్డతో ఆ మడుగు మీదికి వంగి నా కళ్ళకి కనిపిస్తూనే ఉన్నారు. ఎండల్లో చెయ్యెయ్యకూడని మడుగు. ఆ రోజు ఊళ్ళోకి వెళ్ళి ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవారు.

ద్వారకా నగర్ ఫ్లాట్‌కి నేనే వెళ్ళి చెప్పాను.

“అయితే మన గీత...”

“ఆవిడ చేతిలో చేపది మేష్టారూ. చచ్చిన చేపది.”

మేష్టారు కిటికీలోంచి కింద కోచింగ్ సెంటర్ల ముందు పిల్లల్ని చూశారు. “ఆ మడుగు ఖాళీ చేసింది నేనని ఆవిడకి తెలుసా?”

“తెలీదు. నేను చెప్పలేదు.”

“నేను చెప్పాలి” అన్నారు.

వద్దందామనిపించింది. ఆవిడ ఏడుస్తుంది, శాపాలు పెడుతుంది, ఈయన గుండె ఆగిపోతుంది, ఎన్నో అనుకున్నాను. సెప్టెంబరు అమావాస్యకి ఇద్దరం వెళ్ళాం. పైడమ్మ నీళ్ళలో చేతులు పెట్టి ఉంది. మేష్టారు చెప్పులు విడిచి రాయి మీద నిలబడి, క్లాసులో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా అంతా చెప్పారు. ఏ నెల, ఏ గుడ్డ, ఎన్ని సీసాలు. ఆమె చేతులు నీళ్ళలోంచి తియ్యకుండానే వింది.

“మాయత్త పట్టిన ఏడేనా, ఆ పై ఏడా?”

“పై ఏడమ్మా. ఆ ఏడు ఎండలకి గెడ్డ ఎండిపోయింది.”

“మీరు పట్టినాక ఇంకెవులికీ పడనేదు గదా?”

“లేదమ్మా. నావే ఆఖరు.”

నేను ఆమె మొహాన్నే చూస్తున్నాను. కోపం వస్తుందని చూశాను. రాలేదు. నోరు తెరుచుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగి, చంటిపిల్లలా నవ్వింది.

“ఓలమ్మ! అయితే కొత్తది వచ్చీసిందన్నమాట. నలబయ్యేళ్ళ కిందటే వచ్చీసింది. నాకు సెప్పినోలే నేరు!”

అంటూనే నీళ్ళ అడుగున అరచేతులు విప్పేసింది. నల్లపుల్ల పైకి తేలి, ఒకసారి తిరిగి, దిగువకి పోకుండా ఎగువకి, మెట్ల వైపు కదిలింది. ఆ అంచున నీరు వెనక్కి తిరుగుతుంది, నాలుగు నెలలుగా శాంపిళ్ళు తీస్తున్నాను, నాకా సంగతి తెలుసు. తెలిసినా నా కాళ్ళు వెనక్కి జరిగాయి. మొదటి మెట్టు కిందికి వెళ్ళి అది కనబడకుండా పోయింది.

పైడమ్మ చీర పిండుకుని లేచింది. ఖాళీ వెదురు గొట్టం మేష్టారి చేతిలో పెట్టింది.

“ఇంక మీయింటిది బాబూ. మీ కాడున్నదాన్ని ఇందులో పెట్టుకోండి. అమాసకమాసకి సూపించాల.”

ఆయన ఏదో అనబోయారు. క్షమించమని అడగబోయారేమో. ఆమె అప్పటికే మెట్లెక్కుతోంది, ఈసారి మోకాళ్ళు పట్టుకోకుండా.

నేను రిపోర్టు రాశాను. కంచు పరిగె జీవించి ఉన్నట్టు ఆధారం లేదు, ముందు వచ్చిన గీతకి కారణం ఇదీ, అని. ఓనరు సంతకం పెడుతూ సణిగాడు. మేష్టారు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. ఫార్మలిన్ చేపల్ని గెడ్డలో ముంచకూడదని గట్టిగా చెప్పాను, నీళ్ళకి విషం అది. స్పిరిట్‌లో ఉన్న రెంటిలో నేను రెక్క కత్తిరించనిదాన్ని ఆయన నీడలో ఆరబెట్టుకున్నారు.

ఆ ఏడు చివరి అమావాస్యకి ఆయనతో వెళ్ళాను. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, మిట్టమధ్యాహ్నం ఆ నల్ల నీళ్ళలో నిలబడ్డారు. ఇస్త్రీ చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసిపోయాయి. పెదవులు కదులుతున్నాయి, ఏమంటున్నారో నాకు వినపడలేదు. వినాలని లేదు కూడా.

“ఎన్నాళ్ళు మేష్టారూ?” అన్నాను, ఒడ్డుకి వచ్చాక.

“కొత్తది వచ్చేదాకా” అన్నారు, గొట్టం మూత బిగిస్తూ.

అది రాదని ఆయనకి తెలుసు, రాదని రాసి సంతకం పెట్టిన కాగితం ఆయన దగ్గరే ఉంది. నా పని రిపోర్టుతో అయిపోతుందని పద్దెనిమిదేళ్ళు అనుకున్నాను. ఇప్పుడు ‘లేదు’ అని రాసే ముందు కలం పక్కన పెడతాను. ఆ లేదన్నది ఇకమీదట ఎవరింట్లో ఉండబోతోందో వాళ్ళ పేరు అడుగుతాను, కాగితం నేనే తీసుకెళ్ళి ఇస్తాను, కాసేపు వాళ్ళ దగ్గర కూర్చుని వస్తాను.